చెట్టు లైసెన్సు

మేనకోడలి పెళ్లికి చీరలు తీయడానికి పోయిన వారం నా భార్యతో ధర్మవరం వెళ్లాను. మగ్గాలున్న వీధి నుంచి బయటికి వస్తుంటే మూల మీద బ్రాందీ షాపు కనబడింది. దాని బోర్డు మీద షాపు నెంబరు, ఆ నెంబరు కింద లైసెన్సుదారు పేరు ఉన్నాయి. ఆ పేరుగల మనిషి పోయి మూడు నెలలు దాటింది. పేరు మాత్రం అట్లాగే ఉంది. ఎండకు రంగు కూడా వెలిసిపోలేదు.

నాకు దుఃఖం రాలేదు. కోపమైనా వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. అదీ రాలేదు. ఆకుపచ్చ చీర మంచిదా, వంగపండు రంగు మంచిదా అని నా భార్య అడిగితే రెండూ బాగున్నాయన్నాను. ఆమె నా మొహం చూసి, బోర్డు చూసి, చీరల సంచి నా చేతిలోంచి తీసుకుంది.

ఆయన ఈతచెట్లు గీసి కల్లు దించే మనిషి. పెనుకొండకు దగ్గరి పల్లె. మొదట చూసింది ఆ పల్లె బడి వరండాలో. అప్పట్లో నేను హిందూపురంలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే పల్లెలు పట్టుకొని తిరుగుతూ, తాగుడు మానాలనీ మూఢనమ్మకాలు వదలాలనీ ఉపన్యాసాలిచ్చేవాణ్ని. ఒక ఊరికి పోయే ముందు ఆ ఊళ్లోని ఆచారాలేమిటో వాకబు చేసుకొని, వాటి మీదే దెబ్బ వేయడం నా పద్ధతి. ఆ పల్లెలో గీతగాళ్లు చెట్టెక్కే ముందు దాన్ని మూడుసార్లు తట్టి కాసేపు ఆగుతారని, చెట్టు సరేనన్నాకే ఎక్కుతారని ఎవరో చెప్పారు. అంతకంటే ఏం కావాలి? చెట్టుకు చెవులెక్కడున్నాయి, సరేనని ఏ భాషలో అంటుంది, కన్నడంలోనా తెలుగులోనా అని పావుగంట సేపు నవ్వించాను. జనం కడుపులు పట్టుకొని నవ్వారు.

వెనక గోడకు ఆనుకొని ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకొనే మోకు ఆయన భుజం మీద ఉంది. ఆయన నవ్వలేదు. ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు ఒక అడుగు ముందుకు వచ్చాడు.

“సార్, చెట్టు మీద మట్టల సందులో తేళ్లుంటాయి. ఒగోసారి పాము గూడా. కింద తడితే అవి కదుల్తాయి. మట్ట గలగలమనిందంటే ఆ పొద్దు దాన్ని ఇడిసిపెట్టి ఇంగొగటి ఎక్కుతాం. మేం చెట్టును అడుగుతాండామని మీరనుకుంటాండారు. మేం తేలును అడుగుతాండాం.”

జనం మళ్లీ నవ్వారు, ఈసారి నా మీద. నేనూ వాళ్లతో కలిసి నవ్వానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నవ్వలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు బస్సెక్కి మళ్లీ ఆ పల్లెకు పోయాను. ఆయన చెట్టు కింద కుండలు కడుగుతున్నాడు. నిజం చెప్పు, చెట్టు మీద నమ్మకం బొత్తిగా లేదా అని అడిగాను. వాదనలో ఓడినవాడు ఏదో ఒక మిగులు వెతుక్కుంటాడు, అదీ నా బాధ.

“అదీ ఉండాది,” అన్నాడు. “తేలును అడిగినట్ల, చెట్టునూ అడిగినట్ల. ఒగే పని గదా సార్, దానికింత దీనికింత అని రెండుమార్లు తట్టేదెందుకు?”

ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైచిలుకు మా స్నేహం. ఆయన దేన్నైనా తట్టేవాడు. మా ఇంటి తలుపు తెరిచే ఉన్నా మూడుసార్లు తట్టి, చెవి పెట్టి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. కుర్చీ ఇస్తే దాని వీపు మీద వేలి కణుపులతో తట్టి కూర్చునేవాడు. ఒకసారి మా ఆవిడ కాఫీ ఇస్తే లోటాను తట్టాడు. “దాంట్లో తేళ్లు లేవులే అప్పా,” అంది ఆవిడ. “తెలుసమ్మా, చెయ్యి ఊరుకోదు,” అన్నాడు. చెప్పులు కొనుక్కునేవాడు గానీ తొడుక్కునేవాడు కాదు. బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకొని వచ్చి, మా వీధి మొదట్లో తొడుక్కొనేవాడు. ఎండాకాలంలో తువ్వాలలో ఈతపండ్లు, మిగతా రోజుల్లో ఈత ఆకుతో కట్టిన, ఇల్లూడ్చే పొరకలు తెచ్చేవాడు. కల్లు ఎప్పుడూ తేలేదు. నా పట్టుదల ఆయనకు తెలుసు. ఆయన కూడా పులిసిందో లేదో చూడటానికి ఒక గుక్క నోట్లో పోసుకొని ఉమ్మేసేవాడు తప్ప తాగేవాడు కాదు.

చెట్లెన్ని అంటే చెప్పడు. “ఉండాయి,” అంటాడు. ఒక్కొక్కదాన్ని వేరుగా చెబుతాడు: వంకరది, వాగు పక్కన వంక గట్టుది, మా నాయన మొదలుపెట్టింది, మొన్న పిడుగు పడినది. ఈతచెట్టును ఒక ఏడు ఒక పక్కనే గీయాలి. ఈ ఏడు తూర్పు పక్క కోత పెడితే వచ్చే ఏడు పడమటి పక్క. చెట్టు పెరిగేకొద్దీ ఆ కోతలు కాండం మీద అటొకటి ఇటొకటిగా మెట్లలాగా నిలిచిపోతాయి. ఎన్ని మెట్లుంటే అన్నేళ్ల గీత. ఆశకొద్దీ ఒకే ఏడు రెండు పక్కలా కోస్తే చెట్టు మొవ్వు వాడి చచ్చిపోతుంది.

నాతో వాదం వేసుకున్నప్పుడల్లా ఈ మాట తీసేవాడు. దేవుడి గురించో, జాతకాల గురించో నేను అటూ ఇటూ కదలనీయకుండా పట్టుకుంటే, చేతులు పైకెత్తి, “సార్, ఒగ పక్క ఇడిసిపెట్టు,” అనేవాడు. అది ఓటమి ఒప్పుకోవడమని నేను అనుకొనేవాణ్ని.

ఆయన కులానికి తరతరాలుగా తెలిసిన లైసెన్సు ఒక్కటే, చెట్టు లైసెన్సు. ఈ మనిషి ఈ చెట్లెక్కి కల్లు దించి అమ్ముకోవచ్చు అని సర్కారు ఇచ్చే కాగితం. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంట్లో దూలానికి వేలాడదీసేవాడు. కొత్త మద్యం పాలసీ వచ్చిన తర్వాత ఇంకోరకం లైసెన్సు వచ్చింది. కల్లు గీసే కులాల వాళ్లకని కొన్ని బ్రాందీ షాపులు ప్రత్యేకంగా కేటాయించారు. దరఖాస్తులు పెట్టుకుంటే లాటరీ తీస్తారు. పేపర్లో ఆ వార్త చదివిన రోజే నేను పెనుకొండ బస్సెక్కాను.

తాగుడు వద్దని ఊరూరా తిరిగినవాడు బ్రాందీ షాపు పెట్టుకోమని చెప్పడానికి ఎట్లా పోయాడని అడగవచ్చు. నన్ను నేను అడగలేదు. మద్యం ఉండకూడదన్నది ఒక వాదం. ఉన్నంతకాలం దాని లాభం ఎప్పుడూ పెద్ద కులాలకేనా అన్నది ఇంకో వాదం. రెండింటికీ నా దగ్గర మంచి హేతువులున్నాయి. పైగా అరవై దాటిన మనిషి మోకు వేసుకొని చెట్లెక్కడం నాకు చాలా ఏళ్లుగా నచ్చడం లేదు. కులవృత్తి అనేది పుట్టుకతో వేసిన సంకెల అని ఎన్ని సభల్లో చెప్పానో. నా కళ్లముందు ఒక మనిషి ఆ సంకెల తెంచుకొని దిగిరావడం చూడాలని నాకుండేది.

“నాకు కల్లు తెలుసు సార్,” అన్నాడు. “సీసాలో ఉండేది నాకు తెల్దు.”

తెలియకపోతే నేర్చుకోవచ్చన్నాను. ఫీజు కట్టే శక్తి తనకెక్కడిదన్నాడు. అప్పటికే ధర్మవరంలో ఒక వ్యాపారి ఆ కులం వాళ్ల కోసం వెతుకుతున్నాడు. ఆ వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉన్నతను పల్లెకు వచ్చి మాట సూటిగానే చెప్పాడు: “నీ పేరు, మా దుడ్లు. నెలనెలా నీకింత. నువ్వు చేయాల్సిందేమీ లేదు.” ఇది బేనామీ కదా సార్ అని ఆయనే నన్నడిగాడు. ఆ మాట ఆయనకు తెలుసు. నేను గంటసేపు మాట్లాడాను. ముందు లోపల అడుగు పెట్టాలి, హక్కు చేతికి వచ్చాక దాన్ని నిజం చేసుకోవడం తర్వాతి మెట్టు, పెట్టుబడి లేదని బయటే నిలబడితే ఇంకో నూరేళ్లు బయటే ఉంటారు అన్నాను. ఆయన చేతులెత్తాడు. “ఒగ పక్క ఇడిసిపెట్టు సార్,” అన్నాడు. నేను వదలలేదు. దరఖాస్తు నేనే నింపాను.

లాటరీలో ఆయన పేరు వచ్చింది.

వారం తర్వాత ఒక కాగితం పట్టుకొని హిందూపురం వచ్చాడు. గుమాస్తా పంపింది. తలుపు తట్టి, కుర్చీ తట్టి కూర్చున్నాడు. సంతకం పెట్టడం వచ్చు గానీ చదవడం రాదాయనకు. నేను పైకి చదివాను. చెట్టు లైసెన్సును నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని ఉంది. ఒకే పేరు మీద రెండు లైసెన్సులుంటే షాపు రద్దవుతుందని గుమాస్తా చెప్పాడట.

“నిజంగా అట్ల రూలుండాదా సార్?”

“ఉంటుందిలేప్పా. లేకుండా ఎందుకు చెప్తారు?”

ఈ వాక్యాన్ని నేను జీవితమంతా ఎదుటివాళ్ల నోట్లో పట్టుకున్నాను. దయ్యం లేకుండా ఎందుకు చెప్తారు, మహిమ లేకుండా అంతమంది ఎందుకు పోతారు అన్నవాళ్లను నిలబెట్టి, ఎవరు చూశారు, ఎక్కడ రాసుంది, చూపించండి అని అడిగాను. ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. చెట్టెక్కకూడదన్న రూలు నాకు ఇష్టమైన రూలు. ఇష్టమైన మాటకు సాక్ష్యం అడగాలనిపించలేదు.

ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద మూడుసార్లు తట్టాడు. తట్టి, నా మొహంలోకి చూస్తూ కాసేపు ఆగాడు. నాకు నవ్వు వచ్చింది. పెన్ను మూత తీసి ఇచ్చాను. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, నెమ్మదిగా సంతకం పెట్టాడు.

తర్వాత ఆయన పని ధర్మవరంలో షాపు ముందు కుర్చీలో కూర్చోవడం. తనిఖీకి ఎవరైనా వస్తే లైసెన్సుదారు కనబడాలని గుమాస్తా రమ్మన్నాడు. తనిఖీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి రోజూ పోయేవాడు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. కౌంటర్లో కుర్రకారు, సీసాలు, గోల. ఆయన బయట ప్లాస్టిక్ కుర్చీలో, చెప్పులు తొడుక్కొని కూర్చునేవాడు. పక్కనే టీ అంగడి బాషా భాయ్ ఆయనను “ఏమప్పా ఓనరూ” అని పిలిచేవాడు. తాగేవాళ్లు కూడా పోతూపోతూ “ఓనరూ, ఐస్ లేదంట చూడబ్బా” అని వేళాకోళం చేసేవాళ్లు. నెలనెలా ఇస్తామన్నది ఇచ్చారు. ఒక్క నెల కూడా తప్పలేదు. మోసం జరిగిందని రాయగలిగితే నాకు సులభంగా ఉండేది.

నేను ఒకసారి చూడటానికి పోయాను. ఎట్లుంది అన్నాను. “బాగుండాది సార్, నీడ,” అన్నాడు. కుర్చీ చేతి మీద వేలితో తడుతూనే ఉన్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి, ‘చెట్టు దిగిన మనిషి’ అని ఒక వ్యాసం రాశాను. పత్రికలో వచ్చింది. చాలామంది మెచ్చుకున్నారు. దాన్ని కత్తిరించి ఆయనకిస్తే మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చలి మొదలైంది. ఈతచెట్లు గీతకు వచ్చే కాలం. ఒక ఆదివారం పొద్దున మా తలుపు తట్టాడు. కూర్చోలేదు. వంక గట్టు దగ్గరికి పోయి చెట్లు చూసి వచ్చానన్నాడు. ఈ ఏడు పడమటి పక్క కోత పెట్టాల్సినవి, ఎవరూ ముట్టలేదన్నాడు. లైసెన్సు లేకుండా ఎక్కితే కేసవుతుందని, కేసయితే షాపు పోతుందని గుమాస్తా ముందే చెప్పి ఉంచాడు.

“సార్, ఆ రూలు కాయితం ఒగసారి నాకు చూపిస్తావా? నేను చదవలేను గానీ, ఊరికే చూస్తా.”

ఇరవై ఏళ్లలో ఆయన నన్ను అడిగిన సహాయం అదొక్కటే.

మరుసటి రోజు నుంచి వెతికాను. పాలసీ ఉత్తర్వు కాపీ సంపాదించి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండుసార్లు చదివాను. పెనుకొండలో తెలిసిన ప్లీడరుకు చూపించాను. ఎక్సైజు ఆఫీసులో ఒక పాత ఉద్యోగిని అడిగాను. మేము చూసిన కాగితాల్లో ఎక్కడా ఆ రూలు లేదు. చివరికి గుమాస్తాకు ఫోను చేశాను. అతను మర్యాదగా మాట్లాడాడు.

“రూలని కాదు సార్. ముందుజాగ్రత్త. రెండెందుకు, తలనొప్పి అని మావాళ్లనుకున్నారు. మీరు చదివే పెట్టించినారంట గదా? అభ్యంతరముంటే అప్పుడే చెప్పుంటే తీసేసేవాళ్లం.”

నిజమే. అప్పుడు ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది.

ఆ సంగతి చెప్పడానికి పల్లెకు పోయాను. ఇంటి ముందు ఎండలో కూర్చొని మోకుకు నూనె రాస్తున్నాడు. వాడకపోతే తాడు బిరుసెక్కుతుందట. రూలు లేదప్పా అన్నాను. నా పొరపాటు అని కూడా అన్నాను. సభల్లో ఎన్నడూ అనని మాట అది, నోటికి కొత్తగా అనిపించింది.

ఆయన చేయి ఆపలేదు. తాడును కొసదాకా రాసి, గుడ్డతో తుడిచి, “అట్లనా,” అన్నాడు.

తాడును చుట్ట చుట్టి, “పోనీలే సార్. చెట్లకు ఈ ఏడు రెండు పక్కలా రెస్టు,” అన్నాడు.

చెట్టు లైసెన్సు తిరిగి ఇవ్వమని దరఖాస్తు రాశాను. ఒక పేజీ. హక్కుల గురించి, చరిత్ర గురించి ఏమీ రాయలేదు. పొరపాటున వదులుకున్నాను, నా చెట్లు నాకివ్వండి, అంతే. అక్కడే సంతకం పెట్టాడు. తట్టలేదు. ఆఫీసులో తీసుకున్నారు. వచ్చే సీజనుకు చూస్తామన్నారు. ఆ మాట చెబితే ఆయన వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టాడు. “అప్పటికి తూర్పు పక్కనా పడమటి పక్కనా సార్?” అని తనే అడిగి, “పడమరే, ఈ ఏడు గీయల్యా గదా,” అని తనే చెప్పుకున్నాడు. ఆయన దేన్నైనా లెక్కపెట్టడం నేను చూసింది అదొక్కసారే.

పండగ దాటిన కొద్దిరోజులకు, పొద్దున పదకొండు గంటలప్పుడు, షాపు ముందు కుర్చీలోనే పోయాడు. గుండె. నాకు ఆ సంగతి బాషా భాయ్ చెప్పాడు.

“నిద్రపోతాండాడనుకున్యాం సార్. ఇద్దరు ఈడ్నే నిలబడుకోని గట్టిగా కొట్లాడుకుంటాంటే, ఓనరు పండుకోనుండాడు, మెల్లగా మాట్లాడండబ్బా అని నేనే అంటి. టీ తెచ్చి పెట్టినా. ఆరిపోయినాక చూస్తే…”

గ్లాసులు కడగడానికి పోయాడు.

కర్మకాండలంటే నాకు గిట్టదు, పోను. అవన్నీ అయిపోయిన వారానికి ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య ఈత ఆకు చీలుస్తూ కూర్చుంది. పొరకలు కట్టేది ఆమేనని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఆయనే కడతాడనుకున్నాను, అడగలేదు. దూలానికి ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. దాంట్లో లైసెన్సు లేదు, నా వ్యాసం ఉంది. ఆమెకు నేను చెప్పాలనుకున్నది చెప్పాను. ఆ సంతకం నేను చెబితే పెట్టాడన్నాను.

“తెలుసు సార్,” అంది. “నువ్వు చెప్పకపోతే ఇంగెవరో ఒగరు చెప్పుండేవాళ్లు. కాపీ తాగు.”

తాగాను. ఆమె మాటలో ఓదార్పు లేదు, నింద లేదు. ఏదో ఒకటి ఉంటే జవాబు చెప్పేవాణ్ని.

ఇప్పుడు రాస్తున్న ఈ వ్యాసంలో ఆయన పేరు రాయలేదు. రాస్తే గౌరవం కదా అని ఒక మిత్రుడు అన్నాడు. ఆ పేరును ఒకసారి వేరేవాళ్ల అవసరానికి ఇప్పించాను. అది ఇంకా ధర్మవరంలో ఎండలో నిలబడి ఉంది. మళ్లీ నా అవసరానికి వాడుకోలేను.

పోయిన వారం ధర్మవరం నుంచి వచ్చే దారిలో పెనుకొండలో దిగాను. నువ్వు చీరలు తీసుకొని ఇంటికి పో, నేను సాయంత్రానికి వస్తానని భార్యకు చెప్పి, ఆటో మాట్లాడుకొని వంక గట్టుకు పోయాను. ఆయన చెప్పిన వంకర చెట్టు సులభంగానే దొరికింది. కాండం మీద మెట్లు అటొకటి ఇటొకటిగా పైకి పోయాయి. అన్నిటికంటే పై కోత తూర్పు పక్కన ఉంది. దాని ఎదురుగా పడమటి పక్క నున్నగా ఉంది. వేళ్లు మడిచి మూడుసార్లు తట్టాను, ఆగాను.

పైన మట్టల్లో ఏదో కదిలింది. తేలో, గాలో, ఇంకేమిటో. చూసి చెప్పాలంటే ఎక్కాలి. నాకు ఎక్కడం రాదు.